విగ్రహం ఆర్డర్ వచ్చిందా? మట్టి దగ్గరే అన్నీ తేల్చుకోండి, మీ సొంత బొమ్మలూ ఆగనివ్వకండి

సొంతంగా షెడ్డు వేసుకుని శిల్పాలు చేసుకుంటూ, మధ్యలో ఆర్డర్లు పట్టుకుని బతకాలి అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నాది తెనాలి దగ్గర చిన్న రేకుల షెడ్డు. ఫైన్ ఆర్ట్స్ చదివొచ్చాక మొదటి నాలుగేళ్ళు ఇవన్నీ చెప్పేవాళ్ళు లేక చాలా పోగొట్టుకున్నా, డబ్బులూ పోయాయి టైమూ పోయింది, అన్నిటికంటే ముఖ్యంగా నా సొంత పని పోయింది. నాలుగేళ్ళలో నాది అని చూపించుకోవడానికి రెండంటే రెండు బొమ్మలు మిగిలాయి. మిగతావన్నీ ఎవరెవరి ఊళ్ళలోనో దిమ్మెల మీద ఉన్నాయి, వాటిలో సగం నేను ఇప్పుడు వెళ్ళి చూడలేను, అంత తొందరలో చేసినవి.

తర్వాత మెల్లగా అర్థమైంది ఏంటంటే గొడవలన్నీ చివర్లో బయటపడతాయి గానీ అవి పుట్టేది మట్టి దగ్గర, అంటే ఫైబర్‌లోకో కంచులోకో మార్చేముందు బొమ్మని మట్టితో చేసుకునే స్టేజ్‌లో. పోలిక కుదరలేదన్నా, బాకీ ఆగినా, టైముకి ఇవ్వలేకపోయినా అన్నిటి మొదలూ అదే. మట్టి మెత్తగా ఉన్నప్పుడు ఏదైనా మార్చుకోవచ్చు, అది దాటాక మార్చిన ప్రతిదానికీ డబ్బు ఎవరిదో ఒకరిది పోతుంది. అందుకే పని మొత్తాన్ని ఆ ఒక్క స్టేజ్ చుట్టూ సర్దుకోండి. ఎలాగో వరసగా చెప్తా.

మొదటిది, ఫోన్‌లో రేటు చెప్పొద్దు

మా వైపు ఫోన్ ఎలా వస్తుందంటే, "అన్నా, ఆరడుగుల విగ్రహం ఎంతవుద్ది?" అంతే. ఎవరిది, ఎక్కడ పెడతారు, దేంతో చేయాలి, ఏమీ ఉండదు. తెనాలిలో, అటు కోనసీమ కొత్తపేటలో విగ్రహాలు చేసేవాళ్ళు ఎప్పట్నుంచో ఉన్నారు కాబట్టి జనానికి అడుగుల లెక్కన బేరం ఆడటం అలవాటైపోయింది, అడుగుకి ఇంత అని. ఈ లెక్కలో మీరు పడితే మునిగిపోతారు. ఎందుకంటే మూడడుగుల బొమ్మని ఆరడుగులు చేస్తే ఎత్తు రెండింతలే గానీ పైన ఉన్న చర్మం, అంటే సర్ఫేస్, నాలుగింతలు అవుతుంది. మట్టి, లోపల ఏమీ నింపకుండా పెడితే, ఎనిమిదింతలు. ఫైబర్‌కైనా కంచుకైనా మీరు ఖర్చుపెట్టేది ఆ సర్ఫేస్ మీదే కదా.

కంచుకి నేను వాడే లెక్క ఇది. మందం 6 ఎం.ఎం. ఉంటే చదరపు అడుగుకి సుమారు 5 కిలోల లోహం పడుతుంది. చిన్న మోడల్ చేసుకుని దాని మీద పాత న్యూస్ పేపర్ ముక్కలు అతికించి, ఊడదీసి నేల మీద పరిచి కొలిస్తే సర్ఫేస్ ఎంతో తెలిసిపోతుంది, దాన్ని స్కేల్ ప్రకారం పెంచుకోండి, అడుగుకి 5 కిలోల చొప్పున లోహం ఎంతో చూసి ఆ రోజు రేటుతో గుణించండి. దాని మీద పోత కూలి, రన్నర్లలోకి (లోహం పారే దారుల్లోకి) పోయే లోహం, గ్రైండింగ్, రవాణా, షెడ్డు అద్దె, అసిస్టెంట్ జీతం, ఆ తర్వాత మీ పని. మీ పనిని చివర్లో మిగిలిన దాంట్లోంచి తీసుకోవడం కాదు, ముందే ఒక అంకె వేసి పెట్టుకోండి, నేను రోజుల లెక్కన వేస్తా.

రేటు చెప్పేముందు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. స్థలం ఎవరిది? ఇది చాలా ముఖ్యం. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో కొత్తగా విగ్రహాలకి పర్మిషన్ ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి ఆర్డర్ ఇచ్చింది. కమిటీ వాళ్ళు "అదంతా మేం చూసుకుంటాం" అంటారు, చూసుకోలేకపోతే బొమ్మ మీ షెడ్డులోనే ఉండిపోతుంది, మిగతా డబ్బులు కూడా వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. నాకు ఒక ఫైబర్ విగ్రహం పద్నాలుగు నెలలు గుడ్డ కప్పుకుని మూలన నిలబడింది. స్కూల్ ఆవరణ, సొంత స్థలం, సంఘం బిల్డింగ్ అయితే ధైర్యంగా తీసుకోండి, మిగతా వాటికి పర్మిషన్ కాగితం జిరాక్స్ అడగండి, మొహమాటపడొద్దు.

దిమ్మె ఎత్తు ఎంత, ఆవిష్కరణ తేదీ ఏంటి, ఇవి కూడా అప్పుడే రాసుకోండి. జయంతి నెల రోజుల్లో ఉంది, నిలువెత్తు కంచు కావాలి అంటే దండం పెట్టి వద్దనండి. నిజంగా చెప్తున్నా, వద్దన్న ఆర్డర్ల వల్ల నాకు నష్టం జరగలేదు, తొందరపడి ఒప్పుకున్న వాటి వల్లే జరిగింది.

కాగితం మీద ఏం రాయాలి

లాయర్ అక్కర్లేదు, రెండు పేజీల తెలుగు కాగితం చాలు, ఇద్దరి సంతకాలతో. సైజు, మెటీరియల్, మందం, లోపల సపోర్ట్, దిమ్మె ఎవరు కడతారు, క్రేన్ ఖర్చు ఎవరిది, తేదీ, అన్నీ. డబ్బు విషయంలో నేను పెట్టుకున్న పద్ధతి 40, 40, 20. నలభై శాతం పని మొదలుపెట్టేముందు, నలభై మట్టి మోడల్ ఓకే చేసిన రోజు, ఇరవై బొమ్మ బండి ఎక్కే ముందు. ఆవిష్కరణ అయ్యాక ఇస్తాం అనే మాటకి మాత్రం ఒప్పుకోవద్దు, ఆ రోజు మైకులు, దండలు, టెంట్లు, భోజనాల ఖర్చులన్నీ అయ్యాక మనం గుర్తుండం, నాకు ఒక ఊళ్ళో ఆ చివరి ముక్క ఇప్పటికీ రాలేదు.

ఇంకో లైన్ తప్పకుండా రాయండి, మట్టి స్టేజ్‌లో రెండుసార్లు చూపిస్తాను, ఎన్ని మార్పులు చెప్పినా చేస్తాను, సంతకం అయ్యాక మార్పు కావాలంటే ఖర్చు మీది అని. ఈ ఒక్క లైన్ నన్ను కాపాడినన్ని సార్లు ఇంకేదీ కాపాడలేదు.

కాపీరైట్ గురించి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17లో డబ్బిచ్చి ఫోటో తీయించుకున్నా, పెయింటింగ్ గీయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే చేయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారు అని ఉంది, ఆ వరసలో శిల్పం పేరు లేదు. అయినా వాదనలు పెట్టుకోవడం ఎందుకు, కాగితంలోనే రాసేయండి, బొమ్మ మీది, డిజైన్ హక్కు, మౌల్డ్ (మట్టి బొమ్మ మీద తీసే అచ్చు) నావి అని. అదే చట్టంలో సెక్షన్ 57 ఉంది, అమ్మేశాక కూడా మీ పనిని పాడుచేసి మీ పరువు తీస్తే అడిగే హక్కు మీకు ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ గారు ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి పెద్ద కంచు మ్యూరల్ (గోడ మీద శిల్పం) చేశారు, 1979లో ఆయనకి చెప్పకుండా దాన్ని ఊడబెరికి స్టోర్‌లో పడేశారు, ఆయన కోర్టుకెళ్ళి పోరాడితే 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగివ్వమని, 5 లక్షల పరిహారం ఇవ్వమని తీర్పిచ్చింది. ఎన్నేళ్ళు పట్టిందో చూడండి, కానీ ఆ తీర్పు ఉంది కాబట్టే ఈరోజు మనం ధైర్యంగా ఒక లైన్ రాయించుకోగలుగుతున్నాం.

ఫోటోలు ఒక్కటే సరిపోవు

చనిపోయినవాళ్ళ విగ్రహమే ఎక్కువ వస్తుంది. వాళ్ళు ఇచ్చేది ఒక పాస్‌పోర్ట్ ఫోటో, లేదా ఫోటో స్టూడియో వాడు మొహం నున్నగా చేసేసిన ఫ్లెక్సీ ఫోటో. ఫ్లెక్సీ బొమ్మని అసలు నమ్మొద్దు, దాంట్లో ముడతలు ఉండవు, ఎముక కనపడదు. పెళ్ళి ఆల్బమ్‌లు అడగండి, గ్రూప్ ఫోటోల్లో చివర నిలబడి పక్కకి చూస్తున్నది ఒకటైనా దొరుకుతుంది, పక్క మొహం లేకుండా తల చేయలేం. ఫోన్‌లో వీడియో ఉంటే ఇంకా మంచిది, ఆపి ఆపి చూడొచ్చు.

అన్నిటికంటే నాకు పనికొచ్చేవి ఇంట్లో వస్తువులు. ఆయన కళ్ళజోడు అడగండి. ఫోటోలో కళ్ళజోడు ఉంటే, చేతిలో అదే కళ్ళజోడు ఉంటే మొహం అసలు వెడల్పు ఎంతో కొలత దొరికిపోయినట్టే, ఫ్రేమ్ ఎన్ని ఎం.ఎం. ఉందో స్కేల్‌తో కొలిచి ఫోటోలో దాన్ని ప్రమాణంగా పెట్టుకుని ముక్కు, నోరు, చెవి అన్నీ లెక్క కట్టేయొచ్చు. చొక్కా ఇస్తే భుజం కొలత, చెప్పులు ఇస్తే పాదం, ఇంకా చెప్పు మడమ ఎటు అరిగిందో చూస్తే ఆయన బరువు ఏ కాలు మీద వేసి నిలబడేవారో కూడా కొంచెం తెలుస్తుంది. వస్తువులు తీసుకున్నప్పుడు రాసి తీసుకోండి, జాగ్రత్తగా తిరిగివ్వండి, వాళ్ళకి అవి ప్రాణం.

ఆర్మేచర్, మట్టి

ఆర్మేచర్ అంటే మట్టిని లోపలనుంచి మోసే అస్థిపంజరం లాంటిది, కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తడి మట్టి లీటరుకి సుమారు రెండు కిలోలు ఉంటుంది, భుజాల వరకు బస్ట్ చేసినా ముప్పై నలభై కిలోలు ఈజీగా వెళ్తుంది, అదంతా ఒక చువ్వ మీద ఆగాలి. చువ్వ ఒక్కటే పెట్టి మట్టి పేరిస్తే తల జారిపోతుంది. చిన్న చిన్న చెక్క ముక్కల్ని ప్లస్ గుర్తులా కట్టి బైండింగ్ వైర్‌తో తల లోపల, గడ్డం కింద, భుజాల్లో వేలాడదీయండి, మట్టి వాటిని పట్టుకుని ఉంటుంది. నేను ఒకసారి బద్ధకించి తలలో రెండే కట్టాను, వానాకాలం, పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే తల మొత్తం ఛాతీ మీదకి దిగిపోయి ఉంది, పదకొండు రోజుల పని. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నా.

నిలువెత్తు అయితే అడుగున ఇనుప ప్లేట్‌కి వెల్డ్ చేసిన పైపు, పొట్ట భాగంలో థర్మకోల్ లేదా గడ్డి చుట్టి నింపితే మట్టి బరువు సగం తగ్గుతుంది. మట్టి చెరువుదే, నానబెట్టి, వడకట్టి, ఇసుక లేకుండా, చేతికి అంటుకోకుండా వేలికి లొంగేలా ఉండాలి. రాత్రిపూట తడి కాటన్ గుడ్డలు, పైన పాలిథిన్ కవర్. ముక్కు, చెవుల మీద తడి గుడ్డ నేరుగా పడితే పొద్దునకి అరిగిపోతాయి, కాబట్టి చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి గుడ్డ వాటి మీద నిలబడేలా కప్పండి. మే నెలలో అయితే మధ్యాహ్నం కూడా స్ప్రే కొట్టాలి, లేకపోతే పగుళ్ళు వచ్చేస్తాయి.

దిమ్మె మీద ఆరడుగుల ఎత్తులో నిలబడే విగ్రహాన్ని మనం ఎదురుగా నిలబడి చేస్తాం, జనం మాత్రం కిందనుంచి చూస్తారు. కిందనుంచి చూస్తే గడ్డం ముందుకొచ్చి కళ్ళు దాక్కుంటాయి, తల చిన్నగా కనిపిస్తుంది. అందుకే తలని కొలత కంటే కొంచెం పెద్దగా, మొహాన్ని కొంచెం కిందకి వంచి చేస్తారు. రోజుకి రెండుసార్లైనా నేల మీద కూర్చుని పైకి చూడండి, పడుకుని చూసినా తప్పులేదు. హైదరాబాద్ వెళ్తే ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల దగ్గర ఒక పొద్దుట నడవండి, దగ్గరకెళ్ళి, రోడ్డుకి ఇటువైపు నుంచి, వెనక నుంచి, ఎండ మారేకొద్దీ చూడండి, పుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది. లైట్ గురించి కూడా ఇదే, ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగానే కనిపిస్తాయి, బయట ఎండ నెత్తి మీదనుంచి పడుతుంది, కాబట్టి షెడ్డులో ఒకే బల్బు పైనుంచి పెట్టుకుని పని చేయండి.

చూపించే రోజు

కమిటీ ప్రెసిడెంట్ వచ్చి చూసి ఓకే అన్నాడు కదా అని మౌల్డ్ వేసేయొద్దు. ఇంట్లో మనిషి చూడాలి. భార్యో, కూతురో, రోజూ అన్నం పెట్టినవాళ్ళు. కాగితంలో ముందే రాయండి, ఇంటివాళ్ళు వచ్చి చూస్తేనే ఓకే అని.

ఒక స్కూల్ మాస్టారి బస్ట్ చేస్తున్నా, పూర్వ విద్యార్థులు చందాలేసుకుని చేయిస్తున్నారు, వాళ్ళంతా వచ్చి అచ్చం సారే అన్నారు, నాకూ సంతోషంగానే ఉంది. మర్నాడు ఆయన భార్యని ఆటోలో తీసుకొచ్చారు. పెద్దావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే అడిగా, "అమ్మా, ఏమైనా తేడా ఉందా, చెప్పండి, ఇది మట్టే, మార్చేస్తా" అని. ఆవిడ అన్నారు, "మొహం ఆయనదే బాబూ, కానీ ఈయన ఎవర్నీ వినట్లేదు." నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆవిడే తన మెడని కొంచెం పక్కకి తిప్పి చూపించారు. మాస్టారికి ఎడమ చెవి సరిగ్గా వినపడేది కాదంట, పిల్లలు వెనక బెంచీ నుంచి ఏం చెప్పినా కుడి చెవి ముందుకి పెట్టి వినేవారంట. విద్యార్థుల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు, బహుశా వాళ్ళకి తెలియను కూడా తెలియదు, సార్ మన మాట శ్రద్ధగా వింటున్నారనే అనుకుని ఉంటారు. వైర్‌తో మెడ దగ్గర కోసి, బొటనవేలు మందం అంత తల తిప్పి, సందులో మట్టి కూరి, మెడ నరం ఒకటి మళ్ళీ లాగాను. గంటన్నర పని. ఆవిడ లేచి వచ్చి ఆ మట్టి చెవిని ఒక్కసారి ముట్టుకున్నారు, వేలిముద్ర పడింది, దాన్ని నేను సరిచేయలేదు, కంచులో కూడా అలాగే వచ్చింది.

అదే మార్పు మౌల్డ్ అయ్యాక అడిగుంటే నేను చేయగలిగేవాణ్ణి కాదు, చేస్తే వారం పోయేది.

కాబట్టి ఆ రోజు తొందరపెట్టొద్దు, కుర్చీ వేసి టీ ఇచ్చి కూర్చోబెట్టండి, మీరు కాసేపు బయటికి వెళ్ళండి, మీ ముందు మొహమాటానికి చెప్పనివి వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత నాలుగు వైపులా ఫోటోలు తీసి, తేదీ వేసి, కాగితం మీద సంతకం, రెండో విడత డబ్బు. ఇవి అయితేనే మౌల్డ్.

మరి వాళ్ళు చెప్పింది మీకు తప్పు అనిపిస్తే? ఫ్రెంచ్ శిల్పి రోడాన్‌కి 1891లో ఫ్రాన్స్ రచయితల సంఘం రచయిత బాల్జాక్ విగ్రహం ఆర్డర్ ఇచ్చింది, 18 నెలల్లో ఇస్తానని ఏడేళ్ళు చేశాడు, 1898లో చూపిస్తే వాళ్ళు వద్దన్నారు, ఆయన డబ్బు వెనక్కిచ్చేసి ప్లాస్టర్ బొమ్మని ఇంటికి తీసుకెళ్ళిపోయాడు, అది కంచులో పారిస్ వీధిలో నిలబడింది 1939లో, ఆయన పోయాక ఇరవై రెండేళ్ళకి. అంత నమ్మకం ఉన్న రోజు మనమూ అలా చేయొచ్చు. కానీ నా అభిప్రాయం, ఒక ఊరివాళ్ళు చందాలేసుకుని వాళ్ళ మనిషిని చూసుకోవాలనుకున్నప్పుడు వాళ్ళ మాటే పెద్దది. మీ ప్రయోగాలకి మీ సొంత పని ఉంది కదా, దాని దగ్గరికి వస్తా.

మౌల్డ్, ఫైబర్

పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) మౌల్డ్ గురించి క్లుప్తంగానే చెప్తా, చేతులతోనే వస్తుంది. నీళ్ళలో పొడి చల్లాలి, పొడిలో నీళ్ళు పోయకూడదు. ఒక్కటే కాపీ కావాలంటే పగలగొట్టే మౌల్డ్ చాలు, మొదటి పలచటి పొరలో కొంచెం నీలిమందు కలపండి, తర్వాత ఉలితో పగలగొట్టేటప్పుడు నీలం కనపడగానే బొమ్మ దగ్గరికొచ్చేశాం, మెల్లగా అని తెలుస్తుంది. పీఓపీ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఎవరి చేతినైనా అచ్చు తీయమంటే పీఓపీలో ముంచొద్దు, కాలిపోతుంది.

ఫైబర్ దగ్గర మాత్రం ఆగి చెప్పాలి, ప్రాణం విషయం. ఫైబర్‌ని గట్టిపరిచే జిగురు ద్రవమే రెసిన్, దాంట్లో కలిపేవి రెండు, కోబాల్ట్ యాక్సిలరేటర్ ఒకటి, హార్డ్‌నర్ అని మనం పిలిచే కేటలిస్ట్ ఒకటి. ఈ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. ముందు కోబాల్ట్ రెసిన్‌లో వేసి బాగా కలిపాకే కేటలిస్ట్ వేయాలి. రెండు సీసాలూ వేరే వేరే అరల్లో పెట్టండి, కొలిచే మూతలు కూడా వేరే ఉండాలి, కొత్త కుర్రాడు పనిలోకొస్తే మొదటి రోజు ఇదే చెప్పండి. కేటలిస్ట్ కిలో రెసిన్‌కి పది నుంచి ఇరవై ఎం.ఎల్. మధ్యలో, ఎండాకాలం తక్కువ వైపు. ఒకేసారి ఎక్కువ కలిపితే మగ్గులోనే పొగలొచ్చి గట్టిపడిపోతుంది, అరకిలో చొప్పున కలుపుకోండి. కేటలిస్ట్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్ళకి సేఫ్టీ గాగుల్స్ లేకుండా సీసా మూత తీయొద్దు, పడితే వెంటనే నీళ్ళతో కడుగుతూనే ఉండి హాస్పిటల్‌కి పరుగెత్తాలి. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుంటే ఏ ఉపయోగమూ లేదు, రెసిన్ వాసనకి దాని ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి, గ్రైండింగ్ దుమ్ముకి దుమ్మును ఆపే ఫిల్టర్ కావాలి. నాకు ముందు పనిచేసిన పెద్దాయన దగ్గు నేను మర్చిపోలేను.

పని పద్ధతి మామూలే, మౌల్డ్‌కి మైనం పాలిష్, దాని మీద జెల్ కోట్ (పైకి కనిపించే మొదటి రెసిన్ పొర), అది అంటీ అంటకుండా ఉన్నప్పుడు మ్యాట్ (గాజు నారతో చేసిన గుడ్డ) ముక్కలు, రెండు మూడు పొరలు, గాలి బుడగలు బ్రష్‌తో పొడిచి తీయాలి. చాపిన చెయ్యి, చూపుడువేలు ఉంటే లోపల చువ్వ వెళ్ళాల్సిందే, మన ఊళ్ళలో ముందు విరిగేది వేలే.

ఫైబర్ అంటే చవక సరుకు అనుకునేవాళ్ళకి ఒక మాట. సూర్యాపేటలో పుట్టి విశాఖలో పనిచేసిన జి. రవీందర్ రెడ్డి గారి పెద్ద పెద్ద తలలు చూడండి, కొప్పులో పూలు, తెరిచిన పెద్ద కళ్ళు, ఒంటి మీద రంగు, బంగారు పూత, చాలావరకు ఫైబర్‌లోనే చేసినవి. అవి ప్రపంచమంతా తిరిగాయి. సరుకు ఏదని కాదు, దాంతో ఏం చెప్తున్నారనేది చూస్తారు.

కంచు అయితే

పోత మీరు పోయరు, పోత పోసేవాళ్ళకి ఇస్తారు, వాళ్ళు ముందు మౌల్డ్‌లోంచి మైనం బొమ్మ తీసి, తర్వాత ఆ మైనం కరిగించి దాని స్థానంలో కంచు పోస్తారు, ఆ మైనం స్టేజ్‌లో తప్పకుండా వెళ్ళండి. మైనం బొమ్మ మీ మట్టి బొమ్మ కాదు, అతుకుల దగ్గర గీతలు, కంటి మూలల్లో నింపేసిన చోట్లు ఉంటాయి, సన్నటి పనిముట్టు వేడిచేసి మీరే దిద్దుకోవాలి. సూదితో గుచ్చి మందం చూడండి, 5, 6 ఎం.ఎం. అన్నచోట 9 ఉంటే లోహం బిల్లు మీ మీద పడుతుంది, 3 ఉంటే లోహం పారకుండా చిల్లులు పడతాయి. మీ సంతకం, సంవత్సరం మైనంలోనే వేయండి. లోహం ఏ పాళ్ళలో అనేది కాగితం మీద రాయించుకోండి, చాలామంది వాడేది రాగి 85, తగరం, జింక్, సీసం తలా 5. పాత ఇత్తడి కుళాయిలు కరిగించి పోస్తే రంగు వేరే వస్తుంది, వెల్డింగ్ దగ్గర మచ్చలు కనిపిస్తాయి.

నిలబెట్టడం

దిమ్మె కాంక్రీట్ పోసే ముందే మీ బోల్టులు ఎక్కడ వస్తాయో ప్లైవుడ్ ముక్క మీద గీసి చిల్లులు పెట్టి మేస్త్రీకి ఇవ్వండి. బొమ్మ అడుగున నీళ్ళు బయటికి పోవడానికి చిన్న రంధ్రం వదలండి. దండలు గుర్తుపెట్టుకోండి, జయంతికీ వర్ధంతికీ నిచ్చెన వేసుకుని ఎక్కుతారు, నిచ్చెన బొమ్మ భుజానికే ఆనిస్తారు, పెద్ద నాయకుడైతే క్రేన్‌తో గజమాల వేస్తారు. అందుకే దిమ్మెకి వెనకవైపు మెట్లు కట్టించమని డ్రాయింగ్‌లోనే ఇస్తాను, మెడకీ భుజానికీ లోపల ఎక్స్‌ట్రా పట్టీ వేస్తాను. కంచు విగ్రహం ఇచ్చినప్పుడు ఒక చిన్న కాగితం కూడా ఇవ్వండి, దీనికి గోల్డ్ పెయింట్ వేయొద్దు, ఏడాదికోసారి నీళ్ళతో కడిగి మైనం రుద్దితే చాలు అని. ఎందుకంటే జయంతికి ముందు రోజు ఎవరో ఒకరు ప్రేమతోనే పెయింట్ డబ్బా పట్టుకొస్తారు, ఒకసారి వేశాక మీ పటీనా, అంటే కంచు మీద మీరు తెచ్చిన రంగు, అంతా పోతుంది, మొహంలో సన్నటి పని పూడిపోతుంది.

ఇక మీ సొంత పని

దీని కోసమే ఇదంతా రాశాను. ఆర్డర్ల మధ్యలో ఖాళీ దొరికితే చేద్దాం అనుకుంటే ఎప్పటికీ దొరకదు. నేను వారంలో రెండు రోజులు, మంగళ బుధ, ఆర్డర్ పని ముట్టుకోను, డేట్ ఇచ్చేటప్పుడే వారానికి నాలుగు రోజుల లెక్కన ఇస్తాను. షెడ్డులో ఒక మూల నా స్టాండ్ ఉంటుంది, ఆర్డర్ బొమ్మ ఎంత పెద్దదైనా ఆ స్టాండ్ జరపను. పెద్దవి చేయలేకపోయినా జానెడు మోడల్స్ చేయండి, ఏడాదికి పది పన్నెండు చిన్నవి అవుతాయి, వాటిలో రెండు పెద్దవిగా చేయదగ్గవి దొరుకుతాయి. ఆర్డర్ మీద వచ్చిన లాభంలోంచి పదో వంతు వేరే అకౌంట్‌లో వేసి దాంతో మీ బొమ్మ ఒకటి కంచులో పోయించుకోండి. మీ సొంత పని కంచులో ఎన్ని కాపీలో మొదటే నిర్ణయించి నంబర్ వేయండి, ఆరు అంటే ఆరే, 1/6, 2/6 అని, కొన్నవాళ్ళకి రాసిచ్చిన అంకె తర్వాత పెంచకూడదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కాని అందరూ చూసే ఉంటారు, ఇటలీ శిల్పి బెంజోని ఆ బొమ్మని ఒకటికంటే ఎక్కువే చేశాడు, కాపీ ఉండటం తప్పు కాదు, దాచడం తప్పు.

ఆర్డర్ బొమ్మల ఫోటోలు, సొంత బొమ్మల ఫోటోలు రెండు వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి. గ్యాలరీ వాళ్ళకి, లలిత కళా అకాడమీ ఎగ్జిబిషన్‌కి పంపేటప్పుడు రెండూ కలిపితే మీరెవరో వాళ్ళకి అర్థం కాదు. బూడిద రంగు గుడ్డ వెనక కట్టి, ఒక పక్కనుంచి కిటికీ వెలుతురులో, నాలుగు వైపులా, ఒకటి దగ్గర్నుంచి, పక్కన ఎత్తు, సరుకు, సంవత్సరం రాసి. ఫోన్ కెమెరా చాలు.

ఇంక మౌల్డ్ విప్పిన రోజు లోపల మిగిలిన మట్టిని పారేయొద్దు. ముక్కలుగా లాగి తొట్టిలో వేసి నీళ్ళు పోసి మూత పెట్టండి, మూడో రోజుకి నానుతుంది. తీసి పిసికేటప్పుడు తెల్లటి పీఓపీ పలుకులు ఏరేయండి, ముఖ్యంగా మీరు దాంతో టెర్రకోట చేసి కాల్చబోతుంటే ఒక్క పలుకు కూడా ఉండకూడదు, బట్టీలో అక్కడ పెచ్చు ఎగిరిపోతుంది. మాస్టారి తల చేసిన మట్టితోనే నేను ఆ తర్వాతి మంగళవారం నా బొమ్మ మొదలుపెట్టాను, ఒక చెవి ముందుకి పెట్టి వింటున్న అమ్మాయి, ఇంకా అవలేదు, తడి గుడ్డ కప్పి మూల స్టాండ్ మీదే ఉంది.